టోక్యో నుంచి కట్సునుమా వైన్ ఊరు: ఒక్క రోజులో అవుతుందా?

ప్రశ్న: అక్టోబరులో వెళ్తున్నాం. కారు అద్దెకు తీసుకోవాలా, రైలు చాలా?

జవాబు 1: రైలేనండీ. అక్కడ తాగి నడిపినవాళ్లకే కాదు, తెలిసీ పక్కన కూర్చున్నవాళ్లకీ శిక్ష ఉంది. టోక్యోలోని షింజుకు స్టేషన్‌లో కైజి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి, సీట్లన్నీ రిజర్వుడే. చాలా కైజిలు ఆ ఊరి స్టేషన్ కట్సునుమా-బుదోక్యోలో ఆగవు, ఓత్సుకిలోనో ఎన్‌జాన్‌లోనో దిగి లోకల్ రైలు పట్టుకోవాలి.

జవాబు 2: స్టేషన్ నుంచి కొండ మీది వైన్ కేంద్రం బుదో నో ఓకాకు నడక సుమారు 20 నిమిషాలు, చివర ఎత్తు ఎక్కాలి. అక్కడి నేలమాళిగలో టేస్టింగ్‌కి చిన్న లోహపు గిన్నె ఇస్తారు. ముందు కోషు అనే స్థానిక ద్రాక్షతో చేసిన తెల్ల వైన్లు, తర్వాతే ఎర్రవి. వరస తిరగేస్తే కోషు సున్నితమైన రుచి నాలుకకు అందదు. అన్నీ మింగకండి, ఉమ్మేయండి.

జవాబు 3: సీసాలు చెక్-ఇన్ లగేజీలోనే. హైదరాబాద్‌లో సుంకం లేనిది మనిషికి 2 లీటర్లే, అంటే 750 మి.లీ. సీసాలు రెండు.