ఐదో తరగతి పాపకి డబుల్ ప్రమోషన్ ఇస్తామంటున్నారు, ఒప్పుకోవచ్చా?

గుంటూరు నాన్న:
మా పాప పుట్టింది 2016 జనవరిలో, ఇప్పుడు ఐదో తరగతి. మా అన్నయ్య కొడుకు ఎనిమిదో తరగతి పుస్తకం లాక్కుని సమీకరణాలు తనంతట తానే చేసేస్తోంది. క్లాసులో సార్ బోర్డు మీద లెక్క రాసేలోపే జవాబు చెప్పేసి, నోట్‌బుక్ వెనక పేజీల్లో పిల్లుల బొమ్మలు గీసుకుంటూ కూర్చుంటుందట. ఆరు వదిలేసి నేరుగా ఏడులో కూర్చోబెడతాం అంటున్నారు స్కూల్ వాళ్లు. మా నాన్నగారికి సంబరం, మా ఆవిడకి టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

బైపీసీ బాధితుడు:
ముందు పుట్టిన తేదీ చూసుకోండి సార్. నాదీ డబుల్ ప్రమోషనే, 2005 ఫిబ్రవరిలో పుట్టి 2021కే ఇంటర్ అయిపోయింది (కరోనా కదా, పరీక్షలు లేకుండానే పాస్). తీరా చూస్తే నీట్‌కి ఆ ఏడాది డిసెంబర్ 31కి 17 నిండాలి, నాకు నెలన్నర తక్కువ. ముందుకి దూకిన ఏడాది ఇంట్లో కూర్చోవడానికే సరిపోయింది. ఇప్పుడు దూకితే మీ పాపకి ఇంటర్ 2032లో అయిపోతుంది, 17 నిండేది 2033 జనవరిలో. డాక్టర్ అంటే మళ్లీ ఇదే గొడవ. ఇంజినీరింగ్ అయితే ఫర్వాలేదు, జేఈఈ మెయిన్‌కి వయసు పేచీ లేదు.

రిటైర్డ్ లెక్కల మాస్టారు:
పాప తెలుగు, సైన్సు ఎలా ఉన్నాయో మీరు రాయలేదు. స్టేట్ సిలబస్ అయితే హిందీ మొదలయ్యేదే ఆరులో, అక్షరాలు రాకుండా ఏడులో పాఠం చదవమంటే ఎలా బాబూ? పేరున్న గణిత మేధావి టెరెన్స్ టావో తొమ్మిదేళ్లకే యూనివర్సిటీ లెక్కల క్లాసుకి వెళ్లాడు కానీ మిగతావి స్కూల్లోనే చదివాడు. లెక్కలు ఒక్కటే ముందుకి జరపండి. ఎనిమిదికి వచ్చాక ఐఓక్యూఎమ్ (లెక్కల ఒలింపియాడ్‌కి మొదటి మెట్టు పరీక్ష) రాయించండి, అప్పుడు తెలుస్తుంది అసలు సరుకు.

డాలస్ అమ్మ:
ఇక్కడ టెక్సాస్‌లో ఐదులోపు ఒక క్లాసు దాటాలంటే ఇంగ్లీష్, లెక్కలు, సైన్సు, సోషల్ నాలుగింట్లోనూ 80 రావాలి. మావాడికి లెక్కల్లో 96, సోషల్‌లో 71, అక్కడే ఆగిపోయాం. ఇప్పుడు లెక్కలకి మాత్రం పై క్లాసు గదికి వెళ్లొస్తున్నాడు, హాయిగా ఉన్నాడు.

గుంటూరు నాన్న:
పుట్టిన తేదీ సంగతి నాకు తట్టనేలేదు, థాంక్స్. ఆరులోనే ఉంచి, లెక్కల పీరియడ్‌కి మాత్రం ఏడుకి పంపమని ఇవాళ అడిగాను. సరే అన్నారు కానీ ఆ టైములో ఆరుకి ఆటల పీరియడ్ ఉందట. పాప ఆటలు వదలనంటోంది, రేపు మళ్లీ వెళ్లి టైంటేబుల్ మార్చమని బతిమాలాలి.