బోయ్ డేటాలో 40 డిగ్రీల ఎడంతో రెండు అలల దిశలు: నమ్మొచ్చా?

ప్రశ్న:
వేవ్ బోయ్ (అలలను కొలిచే తేలే పరికరం) నుంచి హీవ్ (పైకీ కిందికీ కదలిక), ఉత్తరం, తూర్పు కదలికలు 1.28 హెర్ట్జ్‌లో వస్తున్నాయి. 30 నిమిషాల రికార్డు మొత్తానికి ఒకే ఎఫ్ఎఫ్‌టీ (రికార్డును ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్క) చేసి, పక్కపక్క మూడు ఫ్రీక్వెన్సీలకు సగటు తీస్తున్నాను. అలల శక్తి ఏ దిశలో ఎంతుందో అంచనా వేసే రెండు పద్ధతుల్లో, 0.1 హెర్ట్జ్ దగ్గర ఎంఎల్ఎం (మాక్సిమమ్ లైక్లీహుడ్) వెడల్పాటి ఒకే శిఖరం చూపిస్తే, ఎంఈఎం (మాక్సిమమ్ ఎంట్రోపీ) 40 డిగ్రీల ఎడంతో రెండు చూపిస్తోంది. పైగా అలలు తీరం నుంచి సముద్రంలోకి పోతున్నట్టు వస్తోంది!

జవాబు 1:
ముందు సగటు పెంచండి. మూడింటి సగటుకి డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (అంచనా ఎంత నిలకడైనదో చెప్పే సంఖ్య) 6 మాత్రమే, అంత తక్కువైతే ఎంఈఎం నాయిస్‌నే శిఖరంగా మలుస్తుంది. 2304 శాంపిళ్లను 256 చొప్పున 9 ముక్కలు చేసి, ట్రెండ్ తీసేసి, విండో వేసి (ముక్క అంచులను మెల్లగా సున్నాకి తెచ్చి), క్రాస్ స్పెక్ట్రాల (రెండేసి కదలికల సంబంధాన్ని ఫ్రీక్వెన్సీల వారీగా చెప్పేవి) సగటు తీయండి. రిజల్యూషన్ 0.005 హెర్ట్జ్, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 18 అవుతాయి.

ఒక్కో ఫ్రీక్వెన్సీకి దిశల గురించి బోయ్ చెప్పగలిగేది నాలుగు అంకెలే: ఎ1, బి1, ఎ2, బి2 (దిశల పంపిణీకి మొదటి రెండు జతల ఫోరియర్ గుణకాలు). ఎంఈఎం ఆ నాలుగింటినీ ఉన్నదున్నట్టు నిలబెడుతుంది గానీ, వెడల్పాటి ఒంటి శిఖరాన్ని చీల్చే గుణం దానికుంది. ఎంఎల్ఎం ఉన్నదానికన్నా వెడల్పు చేస్తుంది.

జవాబు 2:
అసలు 40 డిగ్రీల ఎడం ఈ కొలతల్లో తేలే విషయం కాదండీ. సమాన శక్తి ఉన్న రెండు సన్నని శిఖరాలు అంత ఎడంతో ఉంటే, సగటు దిశ నుంచి కొలిచిన మొదటి మొమెంట్ (ఎ1, బి1ల నుంచి వచ్చేది) కాస్ 20, అంటే 0.94. రెండోది (ఎ2, బి2ల నుంచి వచ్చేది) కాస్ 40, అంటే 0.77. 20 డిగ్రీల స్ప్రెడ్ ఉన్న గాసియన్ ఒంటి శిఖరానికి 0.94, 0.78. ఆ కాస్త తేడా శాంప్లింగ్ దోషంలో కొట్టుకుపోతుంది. అదే 100 డిగ్రీల ఎడమైతే రెండో మొమెంట్ మైనస్ 0.17, అదే మొదటి మొమెంట్ ఉన్న గాసియన్‌కి ప్లస్ 0.17. అప్పుడు నమ్మొచ్చు.

మీ స్ప్రెడ్‌కి సరిపడే కాస్-2ఎస్ పంపిణీ (దిశలకు వాడే ఒంటి శిఖరపు సూత్రం) తయారుచేసి, దాని నాలుగు అంకెలనూ మీ ఎంఈఎం కోడ్‌కి ఇవ్వండి. అక్కడా రెండు శిఖరాలొస్తే చీలిక పద్ధతిదే.

జవాబు 3:
దిశ తిరగబడటం క్వాడ్ స్పెక్ట్రం (క్రాస్ స్పెక్ట్రంలో పావు చక్రం ఎడంతో ఉండే భాగం) గుర్తు వల్ల. పరీక్షగా మీ కోడ్‌కి హీవ్ బదులు కాస్ తరంగం, ఉత్తరం బదులు సైన్ తరంగం, తూర్పు బదులు సున్నా ఇచ్చి చూడండి. అల శిఖరం మీద బోయ్ ముందుకు కదులుతుంది కాబట్టి ఇది ఉత్తరానికి పోయే అల. ‘ఎటునుంచి’ లెక్కలో 180 రావాలి. 0 వస్తే ఎ1, బి1 రెండింటి గుర్తూ మార్చండి. ఎ2, బి2ల జోలికి పోవద్దు, అవి 180 డిగ్రీలు తిప్పినా మారవు. తూర్పుకీ ఇదే పరీక్ష పెట్టండి, 270 రావాలి. ఒక్క తూర్పు గుర్తే తప్పితే బి1, బి2 రెండూ తిరగబడతాయి.

లోతు 78 మీటర్లు దాటితే 0.1 హెర్ట్జ్ దగ్గర హీవ్ స్పెక్ట్రం, మిగతా రెండు స్పెక్ట్రాల మొత్తం సమానంగా ఉండాలి. తక్కువ ఫ్రీక్వెన్సీల్లో లోతుకి తగ్గ నిష్పత్తి రాని చోట దిశను లెక్కలోకి తీసుకోకండి.