లెదర్ సీటు: బీ17 తీసుకోవాలా, నారోనా?

ప్రశ్న: టూరింగ్ సైకిల్‌కి బ్రూక్స్ కంపెనీ తోలు సీటు వేయాలని ఉంది. బీ17, దానికన్నా సన్నటి బీ17 నారో అనే రెండు మోడళ్లలో ఏదో తేలడం లేదు. హ్యాండిల్ దాదాపు సీటు ఎత్తులోనే ఉంటుంది. వెడల్పు ఎలా తేల్చుకోవాలి?

జవాబు: ముందు కూర్చునే ఎముకల దూరం కొలవండి. గట్టి మెట్టు మీద అట్టపెట్టె ముక్క పరిచి, ముందుకు వంగి నిమిషం కూర్చోండి. రెండు గుంటల నడిమధ్యల దూరమే మీ కొలత. ఫోమ్ సీటుకైతే దానికి 20-25 మి.మీ. కలిపితే చాలు. తోలు సీటుకి ఇంకా ఎక్కువ వదలాలి, ఎందుకంటే వెనక అంచున ఇనుప పట్టీ, రివెట్లు ఉంటాయి. ఎముక వాటి మీద పడితే ఎన్నాళ్లు తొక్కినా సుఖం ఉండదు. నారో వెడల్పు సుమారు 151, బీ17 వెడల్పు సుమారు 175 మి.మీ. మీ హ్యాండిల్ ఎత్తుకి కాస్త నిటారుగా కూర్చుంటారు కాబట్టి వెడల్పైన బీ17 నయం.

ఇంకో జవాబు: సీటు ముక్కు (ముందు కొన) ఒక పిసరు పైకి పెట్టండి. లేకపోతే ముందుకు జారి బరువంతా చేతుల మీద పడుతుంది. తోలు సీట్ల రెయిలు (సీటు కింద బిగించే కడ్డీలు) పొట్టి, సీటు వెనక్కి ఎక్కువ జరగదు; వెనక్కి వంపున్న సీటుపోస్టు (సీటుని మోసే గొట్టం) కావాల్సి రావచ్చు.

ప్రశ్న: సీటు గట్టిగా ఉంటే ముక్కు కింద ఉన్న బోల్టు వదులు చేయొచ్చా?

జవాబు: అస్సలొద్దు. అది తోలు కుంగినప్పుడు బిగించడానికి, అదీ ఒకసారికి పావు చుట్టు. నూనె పట్టించినా తోలు సాగిపోతుంది, ప్రూఫైడ్ (బ్రూక్స్ వాళ్ల తోలు మైనం) పల్చగా చాలు. వానలో తడిస్తే ఆరేదాకా ఎక్కకండి, నీడలోనే ఆరబెట్టండి.