2021 టకోమా డబుల్ క్యాబ్‌లో బకెట్ సీటు, హార్నెస్ సీటు రెండూ పడతాయా?

ఫ్రిస్కో_నాన్న

2021 టొయోటా టకోమా పికప్, డబుల్ క్యాబ్ (నాలుగు తలుపులది). బాబుకి నాలుగున్నరేళ్లు, 42 పౌండ్లు, ఫార్వర్డ్ ఫేసింగ్ హార్నెస్ సీటు (ముందుకి చూసేది, ఒంటికి పట్టీలు కట్టేది). ఆ సీటు ఒక్కటే 19 పౌండ్లు. పాపకి మూడు నెలలు నిండాయి, బేస్‌తో ఉన్న బకెట్ సీటు (పసిపిల్లలకి వెనక్కి చూసేలా పెట్టే, చేత్తో ఎత్తుకెళ్లే సీటు). ఇన్నాళ్లూ రెండూ మా ఇంకో బండి రావ్4లో హాయిగా ఉన్నాయి. వచ్చే నెల నుంచి వారంలో మూడు రోజులు డేకేర్‌లో దింపడం ట్రక్కు వంతు.

నా ఎత్తు 6 అడుగులు, మా ఆవిడ 5 అడుగుల 2 అంగుళాలు. బకెట్ నా వెనక పెడితే స్టీరింగ్ ఒళ్లోకి వస్తోంది. పాసింజర్ వెనక పెడితే ముందు సీటు బాగా ముందుకి జరపాలి. మధ్యలో పెడదామంటే లోయర్ యాంకర్లు (చైల్డ్ సీటు కొక్కేలు తగిలించే ఇనుప కడ్డీలు) లేవు. ఇక బాబు సీటు టాప్ టెథర్ (సీటు పైభాగాన్ని వెనక్కి పట్టి ఉంచే పట్టీ) సంగతి అసలే అర్థం కావట్లేదు. హెడ్‌రెస్ట్ వెనక గుడ్డ లూపుల్లాంటివి ఉన్నాయి. దానికే హుక్ తగిలించి లాగాను, ఎంత లాగినా వదులే.

జూన్‌లో అత్తయ్యా మామయ్యా వస్తున్నారు. ఆ రెండు సీట్ల మధ్యలో ఒక్కరైనా పడతారా?

ట్రక్కు అమ్మేయమని మాత్రం చెప్పకండి. ఆ సలహా ఇంట్లో రోజూ ఉచితంగానే దొరుకుతోంది.

---

వెనకసీటు_బావ

ముందు లెక్క చూద్దాం. మీ రావ్4 వెనక లెగ్‌రూమ్ 37.8 అంగుళాలు. 2016 నుంచి 2023 వరకు వచ్చిన టకోమా డబుల్ క్యాబ్‌లో అది 32.6. అంటే 5 అంగుళాల పైనే తక్కువ. 2024 మోడల్‌లో పెంచి పెంచి 33.7 చేశారు. మిడ్‌సైజ్ ట్రక్కుల్లో వెనక కాళ్లు చాపుకోవాలంటే గ్లాడియేటర్ 38.3, రిడ్జ్‌లైన్ 36.7. ఆ రెండూ పక్కన పెడితే మిగతావి దాదాపు మీ ట్రక్కు లాంటివే.

ఇక్కడ చాలామంది పొరబడేదేమిటంటే, జాగా చాలట్లేదు అనగానే సన్నటి సీట్ల కోసం వెతుకుతారు. గ్రాకో స్లిమ్‌ఫిట్3 ఎల్‌ఎక్స్ వెడల్పు 16.7 అంగుళాలు, క్లెక్ సీట్లు 17కి అటూ ఇటూ. మూడు సీట్లు పక్కపక్కన పెట్టాలంటే అవి కావాలి. మీకున్నవి రెండే సీట్లు, వెడల్పుతో మీకు పేచీ లేదు. మీకు చాలనిది ముందు సీటు వీపు నుంచి వెనక సీటు వీపు దాకా ఉండే పొడవు. కొత్త సీటు కొనేటప్పుడు ఆ పొడవు అడగండి, వెడల్పు కాదు.

బకెట్ మాత్రం పాసింజర్ వెనకే పెట్టండి. డ్రైవర్ సీటుకి అడ్డం వస్తే చైల్డ్ సీటుని కుడివైపు వెనక పెట్టమని టొయోటా మాన్యువల్స్‌లోనే రాసి ఉంటుంది. మీరు మర్చిపోతున్నది ఇంకొకటి: డేకేర్ ట్రిప్పులో ట్రక్కులో ఉండే పెద్దవాళ్లు ఒక్కరే. పాసింజర్ సీటు ఖాళీ. అది డాష్‌బోర్డ్ దాకా జరిగినా ఎవరికి ఇబ్బంది? నలుగురూ కలిసి వెళ్లే రోజున రావ్4 తీయండి. తప్పనిసరై ట్రక్కే తీస్తే ఆవిడ ముందు కూర్చుంటారు, మీరు నడుపుతారు. అప్పుడు కూడా ఆవిడ ఛాతీకి, డాష్‌కి మధ్య కనీసం 10 అంగుళాలు ఉండాలి, ఎయిర్‌బ్యాగ్ ఉంది కాబట్టి.

మధ్యలో పెట్టడం కూడా కుదరొచ్చు. లోయర్ యాంకర్లు లేకపోతే బేస్‌ని సీటు బెల్టుతో బిగించొచ్చు, అదీ అంతే భద్రం. బకెట్ ముందుభాగం రెండు ముందు సీట్ల సందులోకి వస్తుంది కాబట్టి రెండూ వెనక్కి జరుపుకోవచ్చు. అయితే ట్రక్కు ఎత్తు, తలుపు సందు, 5 అడుగుల 2 అంగుళాల మనిషి, పాపతో కలిపి పాతిక పౌండ్ల బకెట్... రోజూ దాన్ని ఎత్తి నడిమికి చేర్చాలి. వారం తిరక్కుండా నడుం పట్టేస్తుంది. అటూ ఇటూ ఉన్న లోయర్ యాంకర్లలోంచి చెరొకటి అరువు తెచ్చుకుని మధ్యలో బిగించడం మాత్రం వద్దు. కార్ మాన్యువలూ సీటు మాన్యువలూ రెండూ ఒప్పుకుంటేనే అది చెల్లుతుంది.

---

టెథర్_తాత

నాయనా, నీ టెథర్ వదులుగా ఉండటానికి కారణం లూపులోనే ఉంది.

కారులో టెథర్ యాంకర్ సీటు వీపు వెనకో, వెనక అద్దం కింది పలకమీదో ఉంటుంది. పట్టీ సీటు మీంచి వెళ్లి అక్కడికి చేరేసరికి అడుగో అడుగున్నరో దూరం దొరుకుతుంది, లాగి బిగించడానికి ఆ జాగా చాలు. పికప్‌లో సీటు వీపు వెనక జానెడు కూడా లేకుండా క్యాబ్ గోడ. హుక్‌ని బాబు సీటు వెనకున్న లూపుకే నేరుగా తగిలిస్తే, బిగించే బకల్ వచ్చి ఆ హుక్‌కే తగులుతుంది. ఇక లాగడానికి పట్టీ మిగలదు. బిగిసినట్టు కనిపిస్తుంది గానీ బిగియదు. నీకు జరిగింది అదే.

అందుకే చాలా పికప్‌లలో సీటు వెనకున్న లూపు ఆ సీటు పట్టీకి దారి మాత్రమే, దాని యాంకర్ కాదు. పక్క సీటులో అయితే పట్టీని ఆ సీటు వెనక లూపులోంచి దూర్చి, అడ్డంగా తీసుకెళ్లి, పక్క పొజిషన్ యాంకర్‌కి హుక్ తగిలించాలి. కిటికీ పక్క సీటుకి అది నడిమి యాంకర్ అవుతుంది. నడిమి సీటుకి ఏ వైపు అన్నది మోడల్‌ని బట్టి మారుతుంది. గ్లోవ్ బాక్స్‌లో ఉన్న మాన్యువల్ తీసి, చైల్డ్ రెస్ట్రెయింట్ భాగంలో నీ మోడల్ సంవత్సరం, డబుల్ క్యాబ్ బొమ్మ చూసి అదే దారిలో పట్టీ వెయ్యి. ఆ బొమ్మ చూడకుండా యూట్యూబ్‌లో వేరే ట్రక్కు చూసి చేస్తే తప్పే జరుగుతుంది.

వరస ఇలా పెట్టుకో. ముందు ఆ సీటు హెడ్‌రెస్ట్ పైకి లేపు, మాన్యువల్ తీసేయమంటే తీసెయ్. సీటు వీపు ముందుకి వాల్చితే లూపు దగ్గరికి చెయ్యి సులువుగా వెళ్తుంది. పట్టీ మెలి పడకుండా లూపులోంచి దూర్చి, హుక్ తగిలించి, వదులుగానే వదిలెయ్. వీపు మళ్లీ నిలబెట్టి, లాక్ పడిందని గుంజి చూడు. అప్పుడు చైల్డ్ సీటుని బెల్టుతో బిగించు. చిట్టచివర టెథర్ లాగు. ముందే టెథర్ లాగేస్తే సీటు పైభాగం వెనక్కి వాలి, కింద బెల్టు ఎంత లాగినా కదలిక పోదు.

ఈ పట్టీని చాలామంది వదిలేస్తారు. ముందుకు చూసే సీటులో పిల్లవాడి తల గుద్దుడు వేళ ఎంత ముందుకు వెళ్తుందో, టెథర్ ఉంటే అది 4 నుంచి 6 అంగుళాల వరకు తగ్గుతుంది. రావ్4లో ముందు సీటు ఎడంగా ఉంటుంది. టకోమాలో బాబు ముక్కుకి ఎదురుగానే ఉంటుంది. ఇక్కడ ఆ 4 అంగుళాల విలువ వేరు.

---

బెల్టుపాత్

పైన తాతగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను లోయర్ యాంకర్ల బరువు సంగతి చెప్తా.

లోయర్ యాంకర్లకి పిల్లాడి బరువూ సీటు బరువూ కలిపి 65 పౌండ్లు హద్దు. మీ బాబు 42, సీటు 19, మొత్తం 61. ఇంకా 4 పౌండ్లే మిగిలాయి. 2014 ఫిబ్రవరి తర్వాత తయారైన సీటైతే, పిల్లాడు ఎన్ని పౌండ్ల వరకు లోయర్ యాంకర్లు వాడొచ్చో సీటు మీదే లేబుల్ ఉంటుంది. మన లెక్క కన్నా తక్కువ రాసి ఉంటే ఆ తక్కువే చెల్లుతుంది. నా మాటైతే ఇప్పుడే బెల్టుకి మారిపోండి. వచ్చే ఏడాది డేకేర్ హడావుడిలో ఈ లెక్క ఎవరికీ గుర్తుండదు. టెథర్‌ని మాత్రం బెల్టుతో బిగించినా తప్పకుండా వాడాలి. రెండూ ఉంటే గట్టిగా ఉంటుందని బెల్టూ లోయర్ యాంకర్లూ కలిపి వాడేవాళ్లున్నారు. సీటు కంపెనీ ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప అలా వద్దు.

బెల్టుతో బిగించేటప్పుడు అందరూ మర్చిపోయేది లాక్ చేయడం. ఫార్వర్డ్ ఫేసింగ్ బెల్టు దారిలోంచి బెల్టు దూర్చి బకల్ పెట్టాక, భుజం పట్టీని మెల్లగా, చివరంటా, ఇక రాదు అనేదాకా బయటికి లాగండి. వదిలితే టిక్ టిక్ మంటూ లోపలికి వెళ్తుంది. ఆ టిక్ టిక్ వినపడితే లాక్ అయినట్టు. ఇప్పుడు మోకాలు సీట్లో ఆనించి బరువు వేసి, నడుం పట్టీలో వదులంతా భుజం పట్టీలోకి లాగి, దాన్ని లోపలికి పంపండి. సీటుకే బెల్టుని పట్టి ఉంచే లాక్‌ఆఫ్ క్లిప్ ఉంటే దాని మాన్యువల్ ఏం చెప్తే అది.

కదులుతోందా లేదా అన్నది బెల్టు దారి దగ్గర పట్టుకుని చూడాలి. 1 అంగుళం మించి అటూ ఇటూ కదలకూడదు. పైన తల దగ్గర పట్టుకుని ఊపితే ఏ సీటైనా ఊగుతుంది.

---

ఫ్రిస్కో_నాన్న

తాతగారూ, మీరు చెప్పినట్టే లూపులోంచి దూర్చి మధ్య యాంకర్‌కి పెట్టాను. మాన్యువల్ బొమ్మలో కూడా అలాగే ఉంది. ఇప్పుడు బండరాయిలా ఉంది, మీకు శతకోటి దండాలు.

రెండు సందేహాలు మిగిలాయి. బాబు సీటు బెల్టు బిగించాక బకల్ సరిగ్గా ప్లాస్టిక్ అంచు మీదికి వచ్చి కూర్చుంటోంది. రోజు గడిచేసరికి కొంచెం వదులవుతోంది. ఇక పాప బకెట్: ఇంటి ముందు డ్రైవ్‌వేలో పెట్టినప్పుడు బేస్ మీద వాలు చూపించే గాలిబుడగ గీతల మధ్యకి రావట్లేదు. అడుగున తువ్వాలు పెట్టాను. ఆఫీసు పార్కింగ్‌లో చూస్తే మరీ పడుకున్నట్టుంది.

---

బెల్టుపాత్

బకల్ ప్లాస్టిక్ అంచు మీద పడితే ఒత్తిడంతా వంకరగా పడుతుంది, అందుకే సడలుతోంది. మొదట బాబు సీటుని అర అంగుళం, అంగుళం పక్కకి జరిపి మళ్లీ బిగించి చూడండి. చాలాసార్లు దాంతోనే పోతుంది. కుదరకపోతే బకల్ కాడ పట్టీతో చేసిందైతే దాన్ని మెలితిప్పి పొట్టి చేసే పద్ధతి ఉంది. సీటు కంపెనీ ఒప్పుకుంటేనే, వాళ్లు చెప్పినన్ని మెలికలే. గట్టి ప్లాస్టిక్ కాడ అయితే తిప్పకండి.

ఇక పాపది. డ్రైవ్‌వే వీధి వైపు వాలు ఉంటుంది కదా, అక్కడ బుడగ నిజం చెప్పదు. సమతలంగా ఉన్న పార్కింగ్‌లో పెట్టి చూడండి, తువ్వాలు అక్కర్లేకపోవచ్చు. ఈ వయసులో మరీ నిటారుగా ఉంటే మెడ ముందుకి వాలి గడ్డం ఛాతీకి ఆనుతుంది, ఊపిరికి అడ్డం. కాబట్టి జాగా కోసం ఇప్పుడు కోణం తగ్గించొద్దు, బేస్ మీద గీత ఎక్కడుంటే అక్కడే. పాపకి మెడ నిలబడి, కన్వర్టిబుల్ సీటుకి (ముందుకీ వెనక్కీ రెండు రకాలుగా పెట్టగలిగేది) మారాక కొన్ని సీట్లు కాస్త నిటారుగా పెట్టనిస్తాయి, అప్పుడు ముందు సీటుకి రెండు మూడు అంగుళాలు తిరిగొస్తాయి. డియోనో రేడియన్ కొంటే యాంగిల్ అడ్జస్టర్ విడిగా అమ్ముతారు. అది లేకుండా ఆ సీటు మీ ట్రక్కులో పెడితే ముందు సీటుని ముందుకి తోసేస్తుంది.

ఇంకొకటి, పికప్ వెనక సీటు కుషన్ పొట్టిగా ఉంటుంది. బేస్ ముందంచు కుషన్ దాటి గాల్లో ఉందేమో చూడండి. బేస్‌లో కనీసం 80 శాతం కుషన్ మీద ఉండాలన్నది చాలా కంపెనీల నియమం, మీ మాన్యువల్‌లో ఎంత రాశారో చూసుకోండి. బకెట్ ముందు సీటుకి తగలొచ్చా లేదా అన్నది కూడా అందులోనే ఉంటుంది.

---

వెనకసీటు_బావ

అత్తయ్యగారి ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. ట్రక్కులో సీట్లు ఐదు. మీరిద్దరు, పిల్లలిద్దరు, వాళ్లిద్దరు, మొత్తం ఆరుగురు. ముందే లెక్క తప్పింది, రెండు బళ్లు తీయాల్సిందే. బెడ్‌లో సామాన్లతో పాటు పిల్లలు కూర్చుంటారనే మాట మన ఊరి ట్రాలీ ఆటోల దగ్గర వినిపిస్తుందేమో, మీరుండే టెక్సస్‌లో 18 ఏళ్లలోపు వాళ్లని తెరిచిన బెడ్‌లో ఎక్కించడం నేరం.

డేకేర్ రోజు ఒక పెద్దాయన తోడు వస్తానంటే ముందు పాసింజర్ సీటే. మోకాళ్లు డాష్‌కి ఆనకుండా కూర్చోగలరా అన్నది ముందే ఒకసారి కూర్చోబెట్టి చూడండి. వెనక మధ్యలో మాత్రం ఎవర్నీ ఇరికించొద్దు. రెండు సీట్ల నడుమ మిగిలే జాగా తక్కువ. బాబు టెథర్ పట్టీ ఆ సీటు వెనకే అడ్డంగా ఉంది. పైగా పెద్దవాళ్లు తుంటి కింద వెతుక్కుని బకల్ పెట్టుకోబోయి పొరపాటున పక్కనున్న సీటుది నొక్కితే బాబు సీటే ఊడుతుంది. రన్నింగ్ బోర్డులు లేకపోతే జూన్ లోపు వేయించండి. అత్తయ్యగారికే కాదు, రోజూ బకెట్ ఎత్తే మీ ఆవిడకీ అవి కావాలి.

బాబుని బూస్టర్‌కి (కారు బెల్టే సరిగ్గా పడేలా ఎత్తు పెంచే సీటు) మారిస్తే జాగా దొరుకుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. బూస్టర్ వల్ల ముందూ వెనకా మిగిలేదేమీ లేదు. హార్నెస్‌లో బరువు, ఎత్తు హద్దు దాటేదాకా అందులోనే ఉంచండి. తర్వాత కూడా టెక్సస్ చట్టం ప్రకారం 8 ఏళ్లు నిండేదాకా, లేదా 4 అడుగుల 9 అంగుళాలు దాటేదాకా చైల్డ్ సీటు తప్పదు.

---

టెథర్_తాత

బాబు వెనక నుంచి హెడ్‌రెస్ట్ తీసి ఉంటే దాన్ని వెనక సీటు కింద ఉన్న డబ్బాలోనే పెట్టు నాయనా. గరాజ్‌లో పెడితే ఆ చైల్డ్ సీటు తీసి పెద్దవాళ్లని కూర్చోబెట్టే రోజున అది దొరకదు, మెడకి ఆసరా లేకుండా హైవే ఎక్కుతారు.

ఎండాకాలం బండి బయట నిలిపేట్లయితే హార్నెస్ బకల్ మీద ఒక తెల్ల గుడ్డ కప్పి వెళ్లు. ఇనుము తొడకి తగిలితే బొబ్బే. పిల్లవాణ్ణి కట్టేముందు నీ చేత్తో తాకి చూడు.