మెడిటరేనియన్ ఎలివేషన్: పర్యావరణానికి మేలా, ఒట్టి సోకా?

కొత్తగోడ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. ఇల్లు కట్టే పనిలో ఉన్నాం. ప్లాను ఖాయమైంది, ఎలివేషన్ (ఇల్లు బయటికి కనపడే తీరు) దగ్గర ఆగింది. ఆర్కిటెక్ట్ చూపించింది మెడిటరేనియన్, అంటే మధ్యధరా సముద్ర తీరపు ఇళ్ల తరహా. బొమ్మలో తెల్ల గోడలు, ఎర్ర పెంకులు, వరండా ముందు మూడు కమానులు, నీలం కిటికీలు. ఇంట్లో అందరికీ తెగ నచ్చేసింది. "ఇది ప్రకృతికి దగ్గరగా ఉండే పద్ధతి, ఏసీ వాడకం తగ్గుతుంది" అని ఆయన గట్టిగా చెబుతున్నారు. మా బంధువు ఒకాయన సివిల్ ఇంజినీరు. ఆయనేమో "అదంతా సోకు, డబ్బు దండగ" అని కొట్టిపారేశారు. మేముండే చోట ఎండాకాలం రాత్రిళ్లు కూడా ఉక్కపోతే. వాన పడితే గాలితో కలిసి గోడకేసి కొడుతుంది. ఇద్దరిలో ఎవరి మాట వినాలి?

సున్నపుగచ్చు

మీ బంధువుగారు తొందరపడ్డారండీ. మధ్యధరా తీరంలో సోకు కోసం పుట్టింది ఒక్కటీ లేదు. గ్రీసులో సాంటోరిని దీవినే చూడండి. అక్కడ చెట్లు తక్కువ, దూలాలకు చెక్క దొరకదు. అందుకే గదులకు రాతితో కమాను కప్పులు వేసుకున్నారు, కొన్ని ఇళ్లను కొండలోకే తొలిచారు. అగ్నిపర్వతం నుంచి వచ్చిన బూడిదను సున్నంలో కలిపితే నీళ్లలో కూడా గట్టిపడుతుంది. సూయజ్ కాలువ పనులకు కూడా ఆ బూడిదను ఓడల్లో తీసుకెళ్లారు. కప్పు మీద పడిన వాన చుక్క వృథా పోకుండా ఇంటి కింద తొట్టిలోకి దిగుతుంది. గోడకు వేసే తెల్ల సున్నం ఎండను తిప్పికొడుతుంది.

స్పెయిన్‌లో సెవిల్ వెళ్తే ఇంటి మధ్యలో మన మండువా లాంటి పాటియో, అందులో నీళ్లు, మొక్కలు. వేసవిలో వీధులకు వీధులకే గుడ్డ పందిళ్లు కట్టేస్తారు. కిటికీకి బయట చెక్క రెక్కలు. ఇదంతా కరెంటు లేని రోజుల్లో బతకడానికి చేసుకున్న ఏర్పాటు. దీన్ని సోకు అంటే ఎలా?

లెక్కతేలాలి

ఆ ఇళ్ల గురించి మీరు చెప్పినదాంట్లో నాకు పేచీ లేదు. పేచీ అంతా కొత్తగోడ గారికి చూపించిన ఇంటితోనే. సార్, బొమ్మ పక్కన పెట్టి సెక్షన్ డ్రాయింగ్ (ఇంటిని నిలువునా కోసినట్టు చూపే ప్లాను) తీయండి. గోడ మందం ఎంత? కమాను దేంతో కడుతున్నారు? చూరు గోడ దాటి ఎంత బయటికొస్తోంది? కిటికీ రెక్కలు మూసుకుంటాయా? ఇవి చెప్పండి, తర్వాత మాట్లాడుకుందాం.

కొత్తగోడ

ఇప్పుడే తీసి చూశాను. గోడ 20 సెంటీమీటర్ల సిమెంటు బ్లాకు. కమాను దగ్గర నిజానికి ఉన్నది తిన్నని కాంక్రీటు దూలమే. దాని కింద థర్మోకోల్‌ను వంపుగా కోసి అతికించి, జాలీ వేసి, పైన యాక్రిలిక్ పూత పూస్తారట. చూరు 15 సెంటీమీటర్లు. పెంకులు వాలు స్లాబు మీద సిమెంటుతో అతికిస్తారు. ఇక కిటికీ రెక్కలు గోడకు స్క్రూలతో బిగించేస్తారు, మూసుకోవు. ఇంకో తమాషా చూశాను. ఒక్కో రెక్క వెడల్పు కిటికీలో సగం కూడా లేదు. మూద్దామన్నా మధ్యలో సందు మిగిలిపోతుంది!

లెక్కతేలాలి

పైన పటారం, లోన లొటారం. అక్కడ గోడ అర మీటరు రాయి, ఇక్కడ 20 సెంటీమీటర్ల బ్లాకు. అక్కడ కమాను కప్పును మోస్తుంది, ఇక్కడ కమానునే దూలం మోస్తోంది. రెక్క ఎండను ఆపదు. దీనికి ప్రకృతి పేరు ఎందుకు?

అన్నిటికంటే నాకు భయం వేసేది ఆ 15 సెంటీమీటర్ల చూరు చూసే. కెనడాలోని వాంకూవర్ సంగతి విన్నారా? 1980లు, 90లలో అక్కడ వేల ఫ్లాట్లు కాలిఫోర్నియా, మెడిటరేనియన్ మోజుతో కట్టారు. నున్నటి పూత గోడలు, చూరు దాదాపు లేదు. అదేమో వాన బాగా ఎక్కువ పడే ఊరు. గోడలోకి దిగిన నీరు బయటికి వచ్చే దారి లేక లోపలి చెక్కంతా కుళ్లింది. 1998లో ఆ రాష్ట్ర మాజీ ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) డేవ్ బారెట్ అధ్యక్షతన విచారణ సంఘం వేయాల్సి వచ్చింది. నష్టం వందల కోట్ల డాలర్లు. గోడలు విప్పి మళ్లీ కట్టారు. కట్టిన కొద్ది ఏళ్లకే ఊడబెరికి చెత్తలో పోసే గోడ పర్యావరణానికి ఏ రకంగా మేలు?

సున్నపుగచ్చు

వాంకూవర్ కథ చెప్పి ఈయన్ని టెన్షన్ పెట్టకండి. అవి చెక్క ఫ్రేము ఇళ్లు. బ్లాకు, కాంక్రీటు కుళ్లవు. పైగా తప్పు స్టైల్‌ది కాదు. పూత వెనక ఖాళీ వదలకపోవడం, కిటికీ అంచుల్లో నీరు దిగకుండా ఆపే రేకు సరిగా పెట్టకపోవడం, ఇవీ కారణాలు. ఆ తర్వాత అక్కడి నిబంధనల్లో గోడకూ బయటి పొరకూ మధ్య సన్నటి ఖాళీ తప్పనిసరి చేశారు, సమస్య అదుపులోకి వచ్చింది.

లెక్కతేలాలి

కాంక్రీటు కుళ్లదు, లోపలి కమ్మీ తుప్పు పడుతుంది. బ్లాకు కుళ్లదు, లోపలి గోడకు బూజు పడుతుంది. తెల్ల గోడ ఉన్న ఏ ఇంటికైనా మొదటి వానాకాలం దాటాక వెళ్లి చూడండి. పిట్టగోడ కింద, కిటికీ గడప రెండు మూలల కింద మీసాల్లా నల్లటి చారలు దిగి ఉంటాయి. నీరు ఎక్కడ ఆగి గోడ మీదికి పాకుతోందో అవే చెబుతాయి. పిట్టగోడ పైభాగం లోపలివైపు వాలి ఉండాలి. కిటికీ గడప గోడ దాటి కొంచెం ముందుకు రావాలి, అడుగున నీరు తెగి కింద పడేలా సన్న గాడి ఉండాలి. ఈ రెంటికీ అయ్యే ఖర్చు ఎంతని? కానీ బొమ్మలో నున్నగా కనపడాలని ముందు వాటినే తీసేస్తారు. ఇక చారలు కనపడకుండా ఏటా రంగు.

నీడపట్టు

మీ ఇద్దరూ వాన దగ్గరే ఆగిపోయారు, నేను ఉక్కపోత సంగతి చెబుతాను. మందపాటి గోడ పగలంతా వేడిని పీల్చుకుని పది పన్నెండు గంటల తర్వాత లోపలికి వదులుతుంది. రాత్రి బయట గాలి చల్లబడితే కిటికీలు తెరిచి ఆ వేడిని బయటికి పంపేయవచ్చు. మధ్యధరా వేసవి పొడిగా ఉంటుంది కాబట్టి చాలా చోట్ల రాత్రికి బాగానే చల్లబడుతుంది. కాలిఫోర్నియా తీరం, మధ్య చిలీ, దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతం, నైరుతి ఆస్ట్రేలియాలో కూడా వాతావరణం అదే తీరు. రాత్రి కూడా చెమట ఆరని చోట ఆ గోడ వేడిని ఎవరికి అప్పగిస్తుంది? మంచం మీద పడుకున్నవాడికే. అక్కడ కావాల్సింది నీడ, అడ్డం లేని గాలి.

స్టైల్ మొత్తం పనికిరాదని మాత్రం అనను. ఫ్లోరిడా కూడా ఉక్కపోత ప్రాంతమే. 1919లో పామ్ బీచ్‌లో ఎవర్‌గ్లేడ్స్ క్లబ్ తెరిచినప్పటి నుంచి ఆర్కిటెక్ట్ ఆడిసన్ మైజ్నర్ అక్కడ స్పానిష్ తరహా భవంతులు వరసగా కట్టాడు. డబ్బున్నవాళ్ల ఆర్భాటమే, కాదనను. కానీ ఆయన ఇళ్లలో చాలావాటికి ముందు నుంచి వెనక్కి ఒక గది మందమే ఉండేది. గాలి ఇటు నుంచి వచ్చి అటు పోవాలి కదా! కమానులన్నీ నీడ నడవలకే పెట్టాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లు కమాను కాపీ కొట్టారు, గది మందం వదిలేశారు.

కొత్తగోడ గారూ, మీ మూడు కమానుల వెనక వరండా లోతెంత? రెండున్నర మీటర్లు ఉంటే ఆ ఇంట్లో పనికొచ్చే భాగం అదే. మీటరే ఉంటే మాత్రం ఫొటోకే.

వాలుకప్పు

పెంకుల మాట ఎవరూ ఎత్తలేదేం? కాల్చిన మట్టి పెంకు సరిగా వేస్తే 50 ఏళ్లు దాటి ఉంటుంది, తీసి ఇంకో ఇంటికి వాడుకోవచ్చు కూడా. కానీ దాని గొప్పంతా కింద ఉండే ఖాళీలోనే. పట్టీల మీద పరిస్తే కింద గాలి ఆడుతుంది, వేడి కప్పులోకి దిగదు. సిమెంటుతో స్లాబుకు అతికిస్తే ఆ లాభం చాలావరకు పోయినట్టే, రేపు ఒక పెంకు పగిలితే నాలుగు పగలగొట్టి తీయాలి.

ఒకటి గుర్తుంచుకోండి. సగం గొట్టం ఆకారం పెంకులు వేస్తే చూరు అంచున ఆ గుండ్రటి నోళ్లన్నీ మూయాలి. లేదంటే పిట్టలు గూళ్లు పెడతాయి. కార్చిచ్చు వచ్చే ప్రాంతాల్లో ఎగిరొచ్చిన నిప్పురవ్వ నేరుగా ఆ గూళ్ల ఎండు గడ్డిలో పడుతుంది. పెంకు కాలదని ధీమాగా ఉన్న ఇల్లు అలా అంటుకుంటుంది.

బరువు కూడా లెక్క వేయించండి. చదరపు మీటరుకు 40 కిలోలకు పైనే ఉంటుంది. భూకంపం వచ్చే చోట పైన బరువు పెరిగేకొద్దీ కింద కమ్మీ, కాంక్రీటు పెరగాలి. 1925 జూన్‌లో భూకంపానికి కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా నడిబొడ్డు కూలిపోతే, ఊరంతా కలిసి ఎర్ర పెంకులు, తెల్ల గోడల పద్ధతిలో మళ్లీ కట్టుకున్నారు. వాతావరణం నిజంగా మధ్యధరాదే కాబట్టి అక్కడ అది నప్పింది.

సున్నపుగచ్చు

సరే, థర్మోకోల్ కమాను తీసేయమనండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ సున్నపు గార జోలికి రావద్దు. సిమెంటుకు బట్టీ 1450 డిగ్రీలకు వేడెక్కాలి, సున్నానికి 900 చాలు. ప్రపంచంలో మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 8 శాతం సిమెంటుదే. సున్నమైతే గోడ మీద గట్టిపడుతూ గాల్లోంచి కార్బన్‌ను తిరిగి తీసుకుంటుంది. పైగా చెమ్మను బయటికి పోనిస్తుంది.

లెక్కతేలాలి

సగం లెక్క చెప్పి వదిలేస్తే ఎలా? స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. గోడ మీద తిరిగి తీసుకునేది అందులోంచే. బట్టీలో కాల్చిన బొగ్గు పొగ తిరిగి రాదు. కిలోకు కిలో చూస్తే సున్నం కూడా అమాయకమైనదేమీ కాదు. ఇంకోటి, మీ సున్నపు గార మీద యాక్రిలిక్ రంగు కొడితే చెమ్మ వెళ్లే దారి మూసుకుపోతుంది. అప్పుడు గార పొరలుగా ఊడుతుంది. మళ్లీ నింద సున్నం మీదికే.

సున్నపుగచ్చు

రంగు కొట్టమని నేనెప్పుడు చెప్పాను? సున్నం మీద సున్నమే కొట్టాలి. గ్రీకు దీవుల్లో ఏటా కొట్టుకుంటారు. మెత్తటి రాయి, ఇటుక గోడలకు సున్నాన్ని మించింది లేదు, ఆ మాట మీద ఉంటాను.

లెక్కతేలాలి

ఆయన గోడ సిమెంటు బ్లాకండీ బాబూ!

ఊరికేచదివేవాణ్ణి

అందం మాటేంటి? మనసుకు నచ్చిన ఇంటిని మనిషి పగలగొట్టడు, రిపేరు చేయించుకుంటాడు. అది కూడా పర్యావరణమే కదా. ఎవరూ ఇష్టపడని లెక్కల పెట్టె కట్టి ఇరవై ఏళ్లకు కూల్చుకోవడం కంటే నయం.

నీడపట్టు

ఈ మాట నాకు నచ్చింది. అయితే రిపేరు చేయడానికి వీలయ్యే వస్తువుతో కడితేనే. థర్మోకోల్ వంపుకు ఓ బంతి తగిలి సొట్ట పడితే తాపీ మేస్త్రీ ఏం చేస్తాడు? పాత ముక్క కోసేసి కొత్త ముక్క అతికించి, పాత రంగుతో కలవలేదని మొత్తం మళ్లీ పూస్తాడు.

కొత్తగోడ

ఆర్కిటెక్ట్‌తో మాట్లాడి వచ్చాను. వరండా లోతు మీటరున్నరే. దాన్ని రెండున్నర చేయాలంటే ముందు గది తగ్గాలి, ఇంట్లో దానికే గొడవ నడుస్తోంది. చూరు 75 సెంటీమీటర్లకు పెంచడానికి ఒప్పుకున్నారు, ముఖం మాత్రం మాడ్చుకున్నారు. "అప్పుడిది మెడిటరేనియన్‌లా కనపడదు" అన్నారు. కనపడకపోయినా ఫర్వాలేదన్నాను. థర్మోకోల్ పోయింది. ఒక్క కమాను ఉండాలని మా అమ్మ పట్టుబట్టింది, అది ఇటుకతోనే కట్టిస్తాం. పెంకులు పట్టీల మీదే. తెలుపు మాత్రం వదలం.

రెక్కల దగ్గర చిక్కొచ్చింది. మూసుకునే రెక్కలు బయట పెడితే కిటికీ తలుపులు లోపలికి తెరవాలట. మరి దోమల జాలీ ఎక్కడ పెట్టాలి? బయట పెడితే చెయ్యి చాచి రెక్క మూయలేం.

నీడపట్టు

పక్కకు జరిగే జాలీ పెట్టండి, లేదా పైనుంచి కిందికి లాగే చుట్టు జాలీ. దాన్ని కిటికీకీ రెక్కకూ మధ్య బిగిస్తే ముందు జాలీ తీసి, రెక్క మూసి, మళ్లీ జాలీ వేసుకోవచ్చు. రెక్కలకు మాత్రం పలకల మధ్య సందులుండాలి, మూసినా గాలి ఆడాలి. అన్ని కిటికీలకూ అక్కర్లేదు, పడమటి గోడ కిటికీలకు ముందు పెట్టించండి. సాయంత్రం ఎండ ఏటవాలుగా వస్తుంది కాబట్టి మీ 75 సెంటీమీటర్ల చూరు అక్కడ ఏమీ చేయలేదు.

లెక్కతేలాలి

రెక్క వెడల్పు కిటికీలో సగానికి పైన ఉండేలా టేపు పట్టి కొలిపించండి సార్. ఈసారి బొమ్మను నమ్మకండి.