పెరట్లో అమ్మానాన్నలకు చిన్న ఇల్లు, ముందు ప్రహరీ గోడ: తెలిసినవారు చెప్పగలరు

తిరుచానూరు (ప్రస్తుతం కాలిఫోర్నియా):
అందరికీ నమస్కారం. ఈ మధ్యనే ఇక్కడి ఒక శివారు నగరంలో 6,000 చదరపు అడుగుల స్థలంలో ఇల్లు కొన్నాము. అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఉండడానికి పెరట్లో విడిగా చిన్న ఇల్లు, వీధి వైపు 6 అడుగుల ప్రహరీ గోడ కట్టించాలని ఉంది. తిరుపతిలో నాన్నగారు తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) నుంచి ప్లాను తెచ్చుకున్నట్టే ఇక్కడ కూడా ప్లాను తీసుకుంటే చాలనుకుంటున్నాను. గోడకు ఎంత ఖర్చవుతుందో, మంచి మేస్త్రీ ఎవరో చెప్పగలరు.

పుత్తూరు (కాలిఫోర్నియా, 22 ఏళ్లుగా):
తమ్ముడూ, మేస్త్రీ సంగతి తరువాత చూద్దాము. ముందు మీ స్థలం నగరం హద్దులో ఉందో, కౌంటీ (మన జిల్లా వంటిది) కిందికి వస్తుందో తెలుసుకోండి. చిరునామాలో తిరుపతి అని ఉన్నా స్థలం రూరల్ మండలం పంచాయతీలో ఉన్నట్టు, ఇక్కడ కూడా ఉత్తరాలు వచ్చే ఊరి పేరు ఒకటి, నిబంధనలు పెట్టేవారు మరొకరు కావచ్చు.

మా అనుభవం చెబుతాను. పన్నెండేళ్ల క్రితం పెరట్లో వెనుక కంచెకు ఆనించి, పూజ గదిగా 10 అడుగులకు 12 అడుగుల చెక్క షెడ్డు వేయించాము. 120 చదరపు అడుగులు దాటని షెడ్డుకు బిల్డింగ్ పర్మిట్ అక్కరలేదని కాంట్రాక్టరు చెప్పారు. అది నిజమే. అయితే పర్మిట్ అక్కరలేకపోయినా జోనింగ్ (ఏ స్థలంలో ఏమి, ఎలా కట్టవచ్చో చెప్పే నిబంధనలు) ప్రకారం కంచె నుంచి వదలవలసిన దూరం వదలవలసిందేనని, లోపల ఒక లైటు, ఫ్యాను పెట్టించినా ఎలక్ట్రికల్ పర్మిట్ కావాలని ఆయన చెప్పలేదు, మేము అడగలేదు. వరలక్ష్మీ వ్రతం నాడు వీధి నిండా కార్లు ఆగాయని పొరుగువారు ఫిర్యాదు చేశారు. కార్ల కోసం వచ్చిన ఇన్‌స్పెక్టరుకు కంచె మీదుగా షెడ్డు పైకప్పు కనిపించింది. నోటీసు వచ్చాక ఇల్లు కొన్ననాటి టైటిల్ రిపోర్టు (స్థలం మీద ఎవరికి ఏ హక్కులున్నాయో చూపే పత్రం) తీసి చూస్తే, వెనుక 5 అడుగుల మేర కరెంటు తీగలకు ఈజ్‌మెంట్ (స్థలం మనదే అయినా ఇతరులకు వాడుకునే హక్కు) ఉంది. ఆఫీసుకు వెళితే కౌంటరులో ఒకరు షెడ్డును కొంచెం జరిపితే చాలన్నారు, మరుసటి వారం ఇంకొకరు పూర్తిగా తీసేయమన్నారు. చివరికి తీసేశాము, దేవుడి పటాలు ఐదు నెలలు గ్యారేజీలో ఉన్నాయి. అందుకే ఏది అడిగినా ఈమెయిలులో అడిగి, జవాబు దాచుకోండి.

పలమనేరు (హ్యూస్టన్):
మాకు ఈ బాధ లేదు. హ్యూస్టన్ ఓటర్లు 1948లో, 1962లో, మళ్లీ 1993లో జోనింగ్ వద్దన్నారు. తమ్ముడు టెక్సాస్‌లో కొని ఉండవలసింది. కాలిఫోర్నియాలో నగరం ఒప్పుకున్నా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) పెరట్లో రెండో ఇల్లు కట్టనివ్వదు.

మదనపల్లె (షుగర్ ల్యాండ్):
అన్నగారు సగమే చెప్పారు. హ్యూస్టన్‌లో జోనింగ్ లేకపోయినా దస్తావేజులో రాసిన షరతులు ఉంటాయి, వాటిని మీరితే నగరమే కోర్టుకు వెళ్లగలదు. పక్కనే ఉన్న మా షుగర్ ల్యాండ్‌లో జోనింగ్ కూడా ఉంది.

పలమనేరు:
నేను హ్యూస్టన్ గురించి చెప్పాను, షుగర్ ల్యాండ్ గురించి కాదు.

చంద్రగిరి (కాలిఫోర్నియా):
పెద్దలు టెక్సాస్‌ను పక్కన పెడితే, అడిగినదానికి జవాబు చెబుతాను. 2020 నుంచి కాలిఫోర్నియాలో, ఒకే కుటుంబానికి ఉద్దేశించిన స్థలాలలో రెండో ఇంటిని హెచ్‌ఓఏ పూర్తిగా నిషేధించలేదు. రంగు, పైకప్పు వంటి విషయాలలో సమంజసమైన షరతులు మాత్రం పెట్టవచ్చు. పక్కల, వెనుక 4 అడుగులు వదిలి 800 చదరపు అడుగుల వరకు కట్టుకుంటామంటే నగరం కాదనకూడదు. దరఖాస్తు పూర్తిగా ఉంటే 60 రోజుల్లో తేల్చాలి. 750 చదరపు అడుగుల లోపు కడితే ఇంపాక్ట్ ఫీజు (కొత్త ఇంటి వల్ల రోడ్లు, పార్కుల వంటి వాటిపై పడే భారానికి వసూలు చేసే రుసుము) ఉండదు కనుక, 740 దగ్గర ఆగడం మేలు. అయితే 4 అడుగులని చట్టం అన్నంత మాత్రాన ఈజ్‌మెంట్ మీద కట్టనివ్వరు. మన ఊళ్లో కయ్య మనదే అయినా పై కయ్యకు నీళ్లు పోయే కాలువను పూడ్చలేము కదా, ఇదీ అంతే.

గోడ ఆశ వదులుకోండి. చాలా నగరాలు వీధి వైపు కంచెను 3 లేదా 4 అడుగుల దగ్గర ఆపేస్తాయి. మూల స్థలమైతే, మలుపులో వచ్చే కార్లు కనిపించాలని ఇంకా తగ్గిస్తాయి.

తిరుచానూరు:
అందరికీ ధన్యవాదాలు. టైటిల్ రిపోర్టు తీసి చూస్తే వెనుక 10 అడుగుల ఈజ్‌మెంట్ ఉంది. ఇంటిని ముందుకు జరిపి, 600 చదరపు అడుగులకు తగ్గించి గీయిస్తున్నాను. నాన్నగారికి ఫోనులో చెబితే, కట్టుకోనివ్వని ఆ 10 అడుగులకు కూడా పన్ను మనమే కట్టాలా అని అడుగుతున్నారు.

పుత్తూరు:
కట్టాలి. అక్కడ గడ్డి పెరిగినా కోయవలసింది మీరే.