అప్‌డేట్: మా పాప ఎర్ర జుట్టు గురించి

మా ఇద్దరిదీ నల్ల జుట్టే, పాపకి ఎర్ర జుట్టు ఎలా వచ్చింది, బంధువుల మాటలు తట్టుకోలేకపోతున్నానని రెండు నెలల క్రితం అడిగాను కదా. పిల్లల డాక్టర్‌ని కలిశాం. బరువు, ఎదుగుదల బాగున్నాయి, పోషకాహార లోపం కాదన్నారు. ఎర్ర జుట్టుకి ముఖ్య కారణం 16వ క్రోమోజోమ్ మీది ఎంసీ1ఆర్ జన్యువులో మార్పు. సాధారణంగా అది తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా రావాలి. ఇద్దరిలోనూ బయటికి కనిపించకుండా ఉండొచ్చు. అప్పుడు ప్రతి కాన్పులో 25 శాతం అవకాశం. అంటే నన్ను అనుమానంగా చూసినవాళ్ల మాటలకి ఆధారమే లేదు! ఇది విన్నాక అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు. నాకూ ఏడుపు ఆగలేదు. ఎండకి చర్మం తొందరగా కందుతుందట, టోపీ పెడుతున్నాం. పెద్దయ్యాక రంగు వేయించమన్న ఆడపడుచుకి మాత్రం వేయించనని చెప్పేశాను.